‘ఇఫ్యూసివ్’ ఎప్పుడు వాడాలి, ఎలా వాడాలి: సమగ్ర మార్గదర్శి

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక పెద్దాయనకు థ్యాంక్స్ చెబుతూ ఇంగ్లీషులో మెయిల్ రాశాను. ఆయన రెండు సాయంత్రాలు నా పక్కన కూర్చుని నా ప్రెజెంటేషన్ మొత్తం దిద్దిపెట్టారు. ఉత్త ‘థ్యాంక్యూ’ అంటే చప్పగా ఉంటుందనిపించింది. ఆన్‌లైన్‌లో పర్యాయపదాలు వెతికి, కంటికి ఘనంగా కనిపించిన మాట ఒకటి తెచ్చి పెట్టాను: ‘ప్లీజ్ యాక్సెప్ట్ మై ఇఫ్యూసివ్ థ్యాంక్స్’. మర్నాడు ఆయన నా సీటు దగ్గరికి వచ్చి నవ్వాపుకుంటూ, ‘బాబూ, నీ మెయిల్ తెలుగులో ఎలా ఉందో తెలుసా? నేను ఒలకబోస్తున్న కృతజ్ఞతలు స్వీకరించగలరు, అన్నట్టుంది’ అన్నారు.

అప్పుడు మొహం మాడింది కానీ, ఈ పదం గురించి తర్వాత నేను నేర్చుకున్నదంతా ఆయన అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇఫ్యూసివ్ అనేది పొంగిపోతున్న మనిషి తన గురించి తాను చెప్పుకునే మాట కాదు, పక్కన నిలబడి చూస్తున్నవాళ్ళు అనే మాట. ఈ సంగతి పట్టుబడితే మిగతావి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. డిక్షనరీ అర్థం ఒక్క లైను: ఆనందం, మెప్పు, అభిమానం లాంటివాటిని ధారాళంగా, ఒక్కోసారి మరీ ఎక్కువగా బయటపెట్టే. చిక్కంతా ఆ ‘ఒక్కోసారి మరీ’ దగ్గరే ఉంది. అందుకే మెట్టు మెట్టుగా వెళ్దాం.

మొదటి మెట్టు: నోటికి పట్టించడం

స్పెల్లింగ్ ఈ, ఎఫ్, ఎఫ్, యు, ఎస్, ఐ, వి, ఈ. ఎఫ్ రెండుసార్లు వస్తుంది, ఒకటి వేసి వదిలేయకండి. మొదటి అక్షరం చూసి ‘ఎ’ అని మొదలుపెడతాం కానీ, పలుకుబడిలో అది పొట్టి ‘ఇ’. ఇ-ఫ్యూ-సివ్. ఒత్తు మధ్యలోని ‘ఫ్యూ’ మీద పడాలి. తెలుగు అలవాటు కొద్దీ మూడు ముక్కలనూ ఒకే బరువుతో పలికేస్తాం. ‘ఫ్యూ’ను కాస్త సాగదీసి, మొదటి ‘ఇ’ని చప్పున దాటేస్తే చాలు.

క్రియావిశేషణం ఇఫ్యూసివ్‌లీ. ఆ గుణానికి పేరు ఇఫ్యూసివ్‌నెస్. ఇంకో నామవాచకం ఇఫ్యూజన్, అందులో మాత్రం ‘స’ పోయి ‘జ’ లాంటి శబ్దం వస్తుంది, ఫ్యూజన్ మ్యూజిక్ అంటామే, అలా.

రెండో మెట్టు: వేరు పట్టుకోవడం

పదాన్ని బట్టీ పడితే వారంలో పోతుంది. వేరుతో సహా పెకిలించి చూస్తే పోదు. లాటిన్‌లో ‘ఫుండెరె’ అంటే పోయడం. దానికి ముందు ‘ఎక్స్’ చేరింది, అంటే బయటికి. రెండూ కలిసి ‘ఎఫ్ఫుండెరె’, బయటికి పోయడం. ఇంగ్లీషులో ఇఫ్యూసివ్ 1660ల నుంచి కనిపిస్తుంది. కుండ వంచితే నీళ్ళు వచ్చినట్టు మనిషిలోంచి మెప్పు ధారగా వస్తే అది ఇఫ్యూసివ్.

ఈ ‘పోయడం’ కుటుంబం చాలా పెద్దది, అందులో సగం మంది మనకు ఇప్పటికే తెలుసు. ఒకరి రక్తం ఇంకొకరికి పోస్తే ట్రాన్స్‌ఫ్యూజన్. కట్టిన డబ్బు వెనక్కి పోస్తే రిఫండ్. అన్నీ కలిపి ఒకే గిన్నెలో పోసేస్తే కన్‌ఫ్యూజన్. కరిగిన లోహాన్ని అచ్చులో పోసే చోటు ఫౌండ్రీ. తెలుగులో కూడా దాన్ని ‘పోత పోయడం’ అనే అంటాం, గమనించారా? ఫోనులో మార్చుకునే ఫాంట్ కూడా ఆ ఇంటిదే, ఒకప్పుడు అచ్చు అక్షరాలను సీసంతో పోత పోసేవాళ్ళు కాబట్టి.

ఇంకో చుట్టరికం తెలిసిన రోజు నాకు మహా సరదా వేసింది. ఈ లాటిన్ మాటకూ, సంస్కృతంలోని ‘హు’ ధాతువుకూ మూలం ఒకటేనని భాషాశాస్త్రం చెబుతుంది. ఆ ‘హు’ నుంచే హోమం, ఆహుతి, హవిస్సు వచ్చాయి. అగ్నిలో నెయ్యి పోస్తున్న పంతులుగారూ, స్టేజీ మీద పొగడ్తలు పోస్తున్న యాంకరమ్మా, మాటల లెక్కన చూస్తే, ఒకే పనిలో ఉన్నారన్నమాట. రెండుచోట్లా మంట పెరుగుతుంది.

ఈ పదం మనుషుల భావాలకే పరిమితం కాదు. ఇంకో రెండుచోట్ల కనిపిస్తుంది, అక్కడ మెచ్చుకోలు వాసనే ఉండదు. మొదటిది ఆసుపత్రి. స్కానింగ్ రిపోర్టులో ‘ప్లూరల్ ఇఫ్యూజన్’ అని ఉంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరల మధ్య నీరు చేరిందని. మన ఇళ్ళల్లో ‘లంగ్స్‌కి నీరు పట్టింది’ అంటారు. గుండె చుట్టూ చేరితే పెరికార్డియల్ ఇఫ్యూజన్, మోకీలులో చేరితే జాయింట్ ఇఫ్యూజన్.

రెండోది అగ్నిపర్వతాలు. భూశాస్త్రవేత్తలు వాటి విస్ఫోటనాలను స్థూలంగా రెండు రకాలు చేస్తారు. బాంబులా పేలి బూడిదను ఆకాశానికి ఎగజిమ్మేది ఎక్స్‌ప్లోసివ్. పెద్దగా పేలకుండా లావా పొంగి పారేది ఇఫ్యూసివ్. లావాలో చిక్కదనం తెచ్చే సిలికా తక్కువై పలచగా ఉంటే లోపలి వాయువులు సులువుగా బయటపడతాయి, పేలాల్సిన అవసరం రాదు. హవాయిలోని కిలౌయా మీద 1983లో మొదలైన అలాంటి ప్రవాహం ఆగుతూ సాగుతూ 2018 దాకా నడిచింది. అంత దూరం వెళ్ళక్కర్లేదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్‌లో పొంగి పారిన లావా గడ్డకట్టి ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లలో పరుచుకుని ఉంది. ఆదిలాబాద్, జహీరాబాద్, వికారాబాద్ వైపు నల్లరాయి, దాని మీది నల్లరేగడి దాని చలవే. రాజమండ్రి దగ్గర గోదావరికి అటూ ఇటూ కనిపించే బసాల్టు, అంటే ఆ నల్లరాయే, అది కూడా ఆ కాలానిదే, పాత నదీ లోయల వెంట అంత దూరం పారి వచ్చిందని చాలామంది భూశాస్త్రవేత్తల అభిప్రాయం. పత్తి పండే ఆ నల్లటి నేలను తల్చుకుంటే చాలు, ఈ పదం మళ్ళీ మర్చిపోరు: పేలింది కాదు, పొంగి పారింది.

ఈ పేలడానికీ పొంగడానికీ ఉన్న తేడా మనుషుల విషయంలోనూ పనికొస్తుంది. కోపంతో అరిచినవాణ్ణి ఎవరూ ఇఫ్యూసివ్ అనరు.

మూడో మెట్టు: మూడు ప్రశ్నలు వేసి చూడడం

వాడబోయే ముందు నేను మూడు విషయాలు చూసుకుంటాను. ఆ భావం వెచ్చనిదేనా? మెప్పు, కృతజ్ఞత, ఆప్యాయత, స్వాగతం, మహా అయితే క్షమాపణ. ఏడుపు, పగ, భయం అయితే ఈ మాట నప్పదు. రెండు, అది బయటికి వచ్చిందా? మనసులో ఎంత పొంగినా పైకి గుంభనంగా ఉన్న మనిషి ఇఫ్యూసివ్ కాదు. ఈ మాటకు లోపలి భావంతో పని లేదు, బయటపడినదాని మోతాదుతోనే పని. మూడు, ఆ మోతాదు చూసేవాడి అలవాటుకు మించిందా?

ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. నా మటుకు నాకు అదే అసలుది. శంషాబాద్ విమానాశ్రయంలో అరైవల్స్ గేటు బయట ఓ పావుగంట నిలబడండి. అట్లాంటా నుంచో డల్లాస్ నుంచో రెండేళ్ళ తర్వాత వస్తున్న మేనకోడలు ట్రాలీ తోసుకుంటూ బయటికి రాగానే మేనత్త ఎదురెళ్తుంది. ‘నా తల్లే! ఎంత చిక్కిపోయావే! అక్కడ తిండి తింటున్నావా లేదా? మెడ బోసిగా ఉంచుకుని వచ్చావేమే, గొలుసేదీ?’ అంటూ రెండు చేతులతో బుగ్గలు పుణికి, ఆ చేతులు తన కణతలకు ఆనించి మెటికలు విరుస్తుంది. ఇంతలో వెనక ఉన్న బాబాయి పూలగుత్తి అందించబోతే దాన్ని పక్కకు తోసి ఇంకోసారి కావలించుకుంటుంది. గొలుసు సంగతికి జవాబు వినే తీరిక ఆవిడకు లేదు.

అదే గేటులోంచి ఆఫీసు పని మీద దిగిన ఇంగ్లండు మనిషి ఒకాయన ఈ దృశ్యం చూశాడనుకుందాం. సొంత అక్క ఎదురొచ్చినా భుజం తట్టి ‘ప్రయాణం బాగా జరిగిందా’ అని ఊరుకునే రకం. ఆయన ఇంటికి రాసే మెయిల్‌లో ఇది ‘యాన్ ఇఫ్యూసివ్ వెల్‌కమ్’ అవుతుంది. అత్తయ్యకు మాత్రం ఇది మామూలు స్వాగతం. ఇంతకంటే తక్కువ చేస్తే ‘అత్తకు నా మీద ఏమన్నా కోపమొచ్చిందా’ అని ఆ పిల్ల కారులో దారి పొడవునా టెన్షన్ పడుతుంది.

కాబట్టి ఎవరైనా ఇఫ్యూసివ్ అని రాస్తే అందులో రెండు సంగతులుంటాయి. పొంగినవాళ్ళు ఎంత పొంగారన్నది ఒకటి, రాసినవాడి చేతిలో ఎంత సైజు గిన్నె ఉందన్నది ఇంకొకటి. చదివేటప్పుడు రెండోదాన్నీ పట్టించుకోండి.

నాలుగో మెట్టు: తెలుగులో సరైన మాట ఎంచుకోవడం

అనువాదం చేసేవాళ్ళు సాధారణంగా ‘ఉద్వేగభరితమైన’ అని వేసి ముందుకు పోతారు. అది తప్పు కాకపోయినా చచ్చిన మాట. ఉద్వేగంలో ఏడుపూ ఉండొచ్చు, ఆవేశమూ ఉండొచ్చు. ఇఫ్యూసివ్‌లోని తీపి, ఆ తీపి ఎక్కువైపోవడం అందులో లేవు.

మన దగ్గర ఇంతకంటే మంచి సరుకు ఉంది. నిజానికి నీళ్ళ పోలికలో తెలుగు ఇంగ్లీషుకు ఏమాత్రం తీసిపోదు. పొంగడం, పొర్లడం, ఒలకడం, ఒలకబోయడం, తొణకడం, కుమ్మరించడం, ముంచెత్తడం, దేని రుచి దానిదే.

‘పొంగిపోయాడు’ అంటే సంతోషం నిజమైనది. కొత్త ఇంట్లో పాలు పొంగిస్తాం, పొంగు మనకు శుభం. కానీ పొంగిపోవడం లోపల జరిగే పని, పైకి కనబడాలని లేదు. ‘ఒలకబోయడం’ అలా కాదు. ‘ప్రేమ ఒలకబోస్తోంది’, ‘వినయం ఒలకబోస్తున్నాడు’ అన్నామంటే అవతలివాళ్ళ మీద మనకు కాస్త అనుమానం ఉందన్నమాట. పైగా ఎవరూ ‘నేను ప్రేమ ఒలకబోశాను’ అనరు. ఎప్పుడూ ఇంకొకరి గురించే. ఇఫ్యూసివ్ సరిగ్గా ఈ రెంటికీ నడుమ, సందర్భాన్ని బట్టి ఒకసారి అటు, ఒకసారి ఇటు జరుగుతూ ఉంటుంది. రాసినవాడు మెచ్చుకుంటున్నాడా, మూతి విరుస్తున్నాడా అన్నది చుట్టూ ఉన్న వాక్యాలు చూసి తేల్చుకోవాలి. మెచ్చుకోలైతే ‘మనసారా’, ‘నోరారా’, ‘పొంగిపోతూ’ వైపు వెళ్ళండి. విరుపైతే ‘ఒలకబోస్తూ’ వైపు.

పొగడ్తల విషయంలో ‘ఆకాశానికెత్తేశాడు’, ‘పొగడ్తలతో ముంచెత్తాడు’ చాలాచోట్ల అతుకుతాయి. ‘మునగచెట్టు ఎక్కించాడు’ మాత్రం వాడకండి. అందులో ఎక్కించినవాడికి ఏదో పని జరగాలన్న ఎత్తుగడ ఉంటుంది, కొమ్మ విరిగే ప్రమాదమూ ఉంటుంది. ఇఫ్యూసివ్‌లో కుట్ర లేదు, మోతాదే ఎక్కువ. ‘ఉబ్బితబ్బిబ్బయ్యాడు’ కూడా వేరు. అది పొగడ్త అందుకున్నవాడి పరిస్థితి. పోసినవాడు ఇఫ్యూసివ్, తడిసినవాడు ఉబ్బితబ్బిబ్బు. అనువాదాల్లో ఈ రెండూ తారుమారైపోవడం నేను చాలాసార్లు చూశాను.

వ్యతిరేకపదం కావాలంటే వెతుక్కోవాల్సిన పనే లేదు: నిండుకుండ. రిజర్వ్‌డ్, రెటిసెంట్, అన్‌డెమాన్‌స్ట్రేటివ్ అని ఇంగ్లీషువాళ్ళు మూడు మాటలు పెట్టుకున్నదాన్ని మన సామెత ఒక్క ‘తొణకదు’తో తేల్చేసింది. కాకపోతే సామెత నిండుకుండను మెచ్చుకుంటుంది. ఇంగ్లీషు రిజర్వ్‌డ్‌లో ఆ మెప్పు తప్పకుండా ఉంటుందని లేదు.

అయిదో మెట్టు: జతలు తెలుసుకోవడం

ఏ మాట ఏ మాట పక్కన కూర్చుంటుందో తెలియకపోతే గ్రామర్ ఎంత బాగున్నా వాక్యం పరాయిగా వినిపిస్తుంది. ఇఫ్యూసివ్‌కు నిత్యం జత కట్టేవి కొన్నే: ప్రెయిజ్, థ్యాంక్స్, వెల్‌కమ్, గ్రీటింగ్, అపాలజీ, ట్రిబ్యూట్, కాంప్లిమెంట్స్. వీటిలోనూ ‘ఇఫ్యూసివ్ ప్రెయిజ్’ది పెద్దపీట, పేపర్లలో ఎక్కువగా కనిపించేది అదే. మనుషులకూ వాడొచ్చు. ‘యాన్ ఇఫ్యూసివ్ హోస్ట్’ అంటే వచ్చిన ప్రతివాణ్ణీ గుమ్మం దగ్గరే కావలించుకుని, వద్దంటున్నా నాలుగోసారి వడ్డించే ఇంటాయన.

వాడకూడనివి: వాన, చెమట, రక్తం, ఖర్చు, ట్రాఫిక్. ‘ఇఫ్యూసివ్ స్వెటింగ్’ అని ఒక కుర్రాడి మెడికల్ లీవ్ లెటర్‌లో చదివాను. చెమటకూ రక్తస్రావానికీ ‘ప్రొఫ్యూస్’ వాడాలి. ఇదీ ఫుండెరె బిడ్డే, అందుకే ఆ తికమక. ప్రొఫ్యూస్ అంటే పరిమాణంలో విపరీతం, భావంతో నిమిత్తం లేదు. క్షమాపణల దగ్గర మాత్రం రెండూ చెల్లుతాయి. మామూలు వాడుకలో ‘అపాలజైజ్డ్ ప్రొఫ్యూస్‌లీ’ అన్నదే ఎక్కువ. పది సార్లు సారీ చెప్పాడని చెప్పాలంటే ప్రొఫ్యూస్, చేతులు పట్టుకుని కళ్ళలో నీళ్ళు పెట్టుకుని చెప్పాడంటే ఇఫ్యూసివ్.

ఇక విభక్తుల సంగతి. పొగడ్తలో అనాలంటే ‘ఇన్’: ‘షి వాజ్ ఇఫ్యూసివ్ ఇన్ హర్ ప్రెయిజ్’. దేని గురించి అంటే ‘అబౌట్’: ‘హి వాజ్ ఇఫ్యూసివ్ అబౌట్ ద బిర్యానీ’. మనిషి పట్ల అంటే ‘టువర్డ్స్’. ‘ఆఫ్’ ఎక్కడా పెట్టకండి. తెలుగులో ‘పొగడ్తల యొక్క’ అని ఆలోచించినప్పుడు చేతికి వచ్చే తప్పు అది.

ఆరో మెట్టు: ఇరుగుపొరుగు మాటలను విడదీయడం

చూపుకూ చెవికీ దగ్గరగా ఉండి మోసం చేసేవి రెండు: ఎల్యూసివ్, ఎవేసివ్. ఎల్యూసివ్ అంటే ఎంత వెతికినా చేతికి చిక్కనిది. ఎవేసివ్ అంటే సూటిగా అడిగినా దాటవేసేది. అర్థంలో చూస్తే ఇఫ్యూసివ్‌కు ఇవి దాదాపు ఎదురు మాటలు, ఒకటి బయటికి పోస్తుంది, మిగతా రెండూ తప్పించుకుంటాయి. పరీక్షల్లో ఆప్షన్లు తయారుచేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు.

అర్థంలో దగ్గరివాటిని వేడిని బట్టి వరసలో పెట్టుకోవచ్చు. కింద ‘వార్మ్’, ఆప్యాయత, మచ్చ లేదు. దాని మీద ‘ఎన్‌థూజియాస్టిక్’, ఉత్సాహం. ఆపైన మన ఇఫ్యూసివ్, అంచు దాకా వచ్చి పొర్లుతున్నది. ఇంకా పైన ‘గషింగ్’, ఇక్కడికి వచ్చేసరికి ఎగతాళి ఖాయం. ‘ఎగ్జూబరెంట్’ పక్క వరస. అందులో హుషారు, గంతులు, ప్రాణం ఉంటాయి, ఎవరినో పొగడాలని లేదు. ఆటస్థలంలో పిల్లలు ఎగ్జూబరెంట్, సన్మాన సభలో వక్త ఇఫ్యూసివ్.

ఒక్క మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి: ‘ఫుల్‌సమ్’. దీన్ని చూసి ‘ఫుల్’ ఉంది కదా, నిండు మనసుతో అని అర్థం కాబోలనుకుంటాం. చాలామంది ఇంగ్లీషువాళ్ళు కూడా ఆ అర్థంలోనే వాడుతున్నారు. కానీ పాత పద్ధతి పాఠకుడికి ‘ఫుల్‌సమ్ ప్రెయిజ్’ అంటే వెగటు పుట్టే ముఖస్తుతి. పై అధికారికి ‘థ్యాంక్యూ ఫర్ యువర్ ఫుల్‌సమ్ ప్రెయిజ్’ అని రాస్తే ఆయన ఏ బడిలో చదువుకున్నాడన్నదాన్ని బట్టి మీ అప్రైజల్ ఆధారపడుతుంది. నేనైతే ఆ మాట జోలికే పోను.

ఏడో మెట్టు: ‘కాదు’తో కలిపి వాడడం

ఇంగ్లీషులో ఈ పదానికి అసలు పదును వ్యతిరేక వాక్యంలో వస్తుంది. ‘ద రివ్యూ వాజ్ లెస్ దాన్ ఇఫ్యూసివ్’ అంటే పైకి ‘పెద్దగా పొగడలేదు’. లోపల ఉన్నది ‘బాగా తిట్టారు’ కూడా కావచ్చు. ‘హి వాజ్ నాట్ ఎగ్జాక్ట్‌లీ ఇఫ్యూసివ్’ కూడా అంతే, ముక్తసరిగా రెండు మాటలన్నాడని సున్నితంగా చెప్పడం. తెలుగులో దీనికి దీటుగా ‘ఏదో అన్నాడులే’, ‘పొడిపొడిగా మాట్లాడాడు’, ‘మెచ్చుకోలు దగ్గర పిసినారి’ అంటాం. ‘అంతగా ఉద్వేగం చూపలేదు’ అని అనువదిస్తే వెటకారమంతా ఆవిరైపోతుంది.

క్లయింటు నుంచి వచ్చే మెయిళ్ళలో ఈ వాడుక గుర్తుపట్టడం చాలా అవసరం. ‘మా మేనేజ్‌మెంట్ రెస్పాన్స్ లెస్ దాన్ ఇఫ్యూసివ్’ అని వాళ్ళు రాస్తే, ఫర్వాలేదు కొంచెం తక్కువ మెచ్చుకున్నారంతే అనుకుని వీకెండ్‌కి ఊరెళ్ళిపోకండి.

ఎనిమిదో మెట్టు: మన రాతలో ఒలకబోత తగ్గించడం

పదం తెలిశాక దాని పేరు గల జబ్బును మన రాతలో గుర్తుపట్టడం తర్వాతి పని. మన సంప్రదాయంలో సన్మాన పత్రం అనేది ఒకటుంది. ఫ్రేము కట్టించి, శాలువా కప్పి, మైకులో చదివి అందజేస్తాం. అందులో ‘విద్యా వారిధి, వినయ భూషణ, ఆశ్రిత జన కల్పవృక్ష’ అని ఉంటే ఎవరూ నొసలు ముడవరు. ఆ కాగితం పని అదే. వినేవాళ్ళు కూడా సగం తీసేసే వింటారు. చిక్కెక్కడంటే, ఆ కలంతోనే అమెరికా యూనివర్సిటీకి రికమెండేషన్ లెటర్ రాసినప్పుడు.

ఎమ్మెస్‌కు వెళ్ళే పిల్లల చేతుల్లో తిరిగే లెటర్లు చాలా చూశాను, అడిగితే కొన్నింటికి మరమ్మతులూ చేశాను. ఎక్కువ భాగం ఒకే అచ్చు. ‘ఈమె అసాధారణ ప్రతిభాశాలి, అద్భుతమైన మేధస్సు, మచ్చలేని శీలం, మా కాలేజీ చరిత్రలోనే అరుదైన ఆణిముత్యం.’ చదివేవాడికి ఇందులో పట్టుకోవడానికి ఒక్క కొమ్మ కూడా లేదు. ఆ పిల్ల ఏం చేసిందో తెలియదు. అలాంటివి వందల్లో చదివే కమిటీకి ఇది ఇఫ్యూసివ్, అంటే వాళ్ళ భాషలో, పక్కన పెట్టదగ్గది.

ఓ లెటర్ ఎలా మార్చానో చూపిస్తాను. మొదటి రాతలో ఉన్నది: ‘షి ఈజ్ యాన్ ఎక్స్‌ట్రార్డినరీలీ బ్రిలియంట్ అండ్ ఎక్సెప్షనల్లీ హార్డ్‌వర్కింగ్ స్టూడెంట్’. లెక్చరర్ గారికి ఫోన్ చేసి, ‘సార్, ఈ అమ్మాయి గురించి మీకు గుర్తున్న సంఘటన ఒకటి చెప్పండి’ అన్నాను. కాసేపు ఆలోచించి, ‘ల్యాబ్‌లో సర్వర్ పడిపోయిన రోజు మిగతావాళ్ళంతా క్యాంటీన్‌కి పోయారండీ. ఈ పిల్ల ఒక్కతే కూర్చుని లాగ్ ఫైళ్ళు చదివి, తప్పెక్కడుందో కాగితం మీద రాసి నా టేబుల్ మీద పెట్టి వెళ్ళింది’ అన్నారు. అంతే, అదే రాశాం, విశేషణం ఒక్కటి కూడా లేకుండా. కింద ఒక వాక్యం చేర్చాం: మళ్ళీ నా ల్యాబ్‌లో ఎవరినైనా పెట్టుకోవాల్సి వస్తే మొదట ఈమెనే అడుగుతాను. లెక్చరర్ గారికి మొదట నచ్చలేదు. ‘పొగడ్త తక్కువైనట్టుంది కదండీ’ అన్నారు. రెండోసారి చదివి సంతకం పెట్టారు.

అన్నిచోట్లా ఇంత పొదుపు అక్కర్లేదు. పెళ్ళిరోజు కార్డు, రిటైర్మెంట్ సభ, తాతగారి ఎనభయ్యో పుట్టినరోజు, ఇక్కడ ధారాళంగా పోయండి. సహస్ర చంద్ర దర్శనానికి చేరువైన మనిషి ముందు నిలబడి ఆధారాలూ అంకెలూ చెప్పేవాణ్ణి ఎవరూ మళ్ళీ మైకు దగ్గరికి పిలవరు.

మరి కృతజ్ఞత చెప్పే మెయిల్‌లో నాలాంటివాళ్ళు ఏం రాయాలి? ‘సిన్సియర్ థ్యాంక్స్’ చాలు. దానికంటే మంచిది, ఆ మనిషి చేసిన పనిని పేరు పెట్టి చెప్పడం: మీరు మార్చిన మూడో స్లయిడ్ చూసే వాళ్ళు ఒప్పుకున్నారు, అని. ఇఫ్యూసివ్‌ను మన గురించి వాడుకునే దారి ఒక్కటే ఉంది, జరిగిపోయినదాన్ని తల్చుకుని మనల్ని మనం ఆటపట్టించుకోవడం: ‘ఐ వాజ్ ఎ బిట్ టూ ఇఫ్యూసివ్ ఎట్ ద పార్టీ’. అప్పుడు మనమే మన పక్కన నిలబడి చూస్తున్నాం కాబట్టి చెల్లుతుంది.

తొమ్మిదో మెట్టు: పరీక్షలో పట్టుకోవడం

విదేశాల్లో పై చదువుల కోసం రాసే జీఆర్ఈ పరీక్ష పదాల పట్టికల్లో ఇఫ్యూసివ్ పాత కాపు. సెంటెన్స్ ఈక్వివలెన్స్ ప్రశ్నల్లో ఆరు ఆప్షన్లు ఇచ్చి, ఒకే అర్థం వచ్చే వాక్యాలను తయారుచేసే రెండింటిని ఎంచమంటారు. నేను కట్టిన ఉదాహరణ చూడండి: ‘దో నోన్ ఫర్ హర్ రిజర్వ్, ద ప్రొఫెసర్ వాజ్ డ్యాష్ ఇన్ హర్ ప్రెయిజ్ ఫర్ ద థీసిస్.’ ఆప్షన్లు: ఎల్యూసివ్, అన్‌స్టింటింగ్, గ్రడ్జింగ్, ఇఫ్యూసివ్, ఎవేసివ్, లకోనిక్.

ముందు ఆప్షన్లు చూడొద్దు. వాక్యంలో తాళంచెవి ‘దో’. నిండుకుండ అని పేరున్నా, అని మొదలైంది కాబట్టి డ్యాష్‌లో నిండుకుండకు ఎదురు మాట రావాలి. మనసులో ‘ధారాళంగా’ అని తెలుగులోనే పెట్టుకోండి. ఇప్పుడు ఆప్షన్లకు రండి. గ్రడ్జింగ్ అంటే అయిష్టంగా, లకోనిక్ అంటే క్లుప్తంగా, రెండూ నిండుకుండ వైపువే. ఎల్యూసివ్, ఎవేసివ్ చెవిని మోసం చేయడానికి పెట్టినవి. మిగిలినవి ఇఫ్యూసివ్, ఏమీ దాచుకోకుండా ఇచ్చే అన్‌స్టింటింగ్. అవే జవాబు. రెండింటి వేడి ఒకటి కాదు, అన్‌స్టింటింగ్‌లో విరుపు అసలే లేదు, అయినా ఈ వాక్యం వరకు పని ఒకటే. పరీక్షకు అది చాలు.

పదో మెట్టు: చేతికి పని

కింద నాలుగు సందర్భాలున్నాయి. ప్రతిదానికీ ఇఫ్యూసివ్ పడుతుందా లేదా చెప్పుకుని, ఆ తర్వాతే జవాబు చదవండి.

ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో నిర్మాత మైకు పట్టుకుని, ఇరవై నిమిషాల పాటు హీరో క్రమశిక్షణ, హీరో వాళ్ళ నాన్నగారి క్రమశిక్షణ, లైట్‌బాయ్‌కి కూడా హీరో పెట్టే భోజనం గురించి మాట్లాడాడు. పడుతుంది. పాఠ్యపుస్తకంలో పెట్టుకోవచ్చు.

బోనాలప్పుడు కోడలు పిల్ల అమ్మవారి ముందు నిలబడి, ఒక్క మాట లేకుండా, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ మొక్కింది. పడదు. పొంగు ఉంది, పోయడం లేదు. అది ఆమెకూ అమ్మవారికీ మధ్య సంగతి.

పక్కింటావిడ మీ అమ్మాయికి సీటొచ్చిందని తెలిసి, ‘మా పిల్లకే వచ్చినంత సంబరంగా ఉందండీ’ అని ఆరుసార్లు అని, స్వీట్లు తీసుకుని, తలుపేసుకుంది. ఇది మీ ఇష్టం. ఆవిడ మాటల మోతాదును చూస్తే ఇఫ్యూసివ్. ఆవిడ మనసును చూస్తే ఏమిటో ఈ పదం చెప్పదు. తలుపేసుకున్న తీరును బట్టి మీరే చెప్పుకోవాలి.

చివరిది. ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి. కొడుకు ఫోన్ స్క్రీన్ నాన్న ముందు పెట్టాడు: 1000కి 981. నాన్న కళ్ళజోడు సర్దుకుని, అంకె రెండుసార్లు చూసి, ‘సర్లే, అన్నం తిను’ అన్నాడు. పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. దీన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే ఏడో మెట్టులోని వాక్యం తీసుకోండి: ‘మై ఫాదర్ వాజ్ నాట్ ఎగ్జాక్ట్‌లీ ఇఫ్యూసివ్.’ పెరటి సంగతి మాత్రం ఇంకో వాక్యంలో విడిగా రాయాల్సిందే.